ఉప్పునీటి తొట్టియందు నాచు

మా యింటి వసారాలో నొక గాజుతొట్టి కలదని మా పాఠశాలలోని బాలబాలికలందరు నెరుగుదురు. అది యించుమించు 200 లీటర్ల నీరు పట్టును. అందు ఉప్పునీరు, కొన్ని సున్నపురాళ్లు, ఇసుక, రెండు క్లౌను చేపలు, కొన్ని నత్తలు ఉన్నవి. వారమునకొక విద్యార్థి చొప్పున సాయంకాలము బడి విడిచిన తరువాత వచ్చి చేపలకు మేత వేసి, నీటి వేడిమిని పుస్తకములో వ్రాసిపోవుట వాడుక. రెండు వేసవుల క్రిందట ఈ తొట్టిని చూచినవారు మా మొగము నెదుట నేమియు ననకపోయినను, ఇది చేపల తొట్టియా, గడ్డిదొడ్డియా యని వెనుక నవ్వుకొనిరి. జానెడు పొడవుగల పచ్చని నాచు రాళ్లన్నిటిని కప్పివేసి, అద్దమునంటి, చేపల నడకకు సైత మడ్డుపడుచుండెను. దానిని వదలించుకొనుటకు మాకు ఎనిమిది మాసములు పట్టినది. ఆ కాలములో మేము చేసిన పొరపాట్లు కొన్ని కలవు. ఇంట నిట్టి తొట్టి పెట్టుకొనదలచి మమ్మడిగిన తలిదండ్రులకు అవి యుపయోగపడవచ్చునని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

నాచు విత్తకయే మొలచును. రాతితోడను, నత్తగుల్లతోడను, చేప వచ్చిన నీటితోడను కంటికి గానరాని బీజములుగా వచ్చి చేరును. కావున నాచు బొత్తిగా లేని ఉప్పునీటి తొట్టి లోకములో లేదు. అది హద్దు మీరి పెరుగుటకు మాత్రము కారణము లుండును. వెలుతురు, బొగ్గుపులుసు వాయువు, నత్రజని, భాస్వరము, కొద్దిపాటి యినుము మొదలగు లోహములు దానికి కావలయును. గోదావరి, కృష్ణా జిల్లాలలో చేపలచెరువులు త్రవ్వించినవారి కీమాట క్రొత్త కాదు. వారు బొచ్చె, శీలావతి పిల్లలను వదలుటకు ముందు చెరువులో పేడయు, సూపరుఫాస్ఫేటును వేసి, నీరు పచ్చబడువరకు కనిపెట్టుకొని యుందురు. అచ్చట పచ్చదనము రైతునకు లాభము. మన గాజుతొట్టిలోను మనమదే సేద్యమును తెలియక చేయుచుందుము. చేప తిన్న మేతయు, తినక విడిచిన మేతయు కుళ్లి అమ్మోనియా యగును. రాళ్లలోను, ఇసుకలోను ఉండు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. అమ్మోనియా చేపకు విషము. నైట్రేటు అంత చెరుపు చేయదు గాని నాచుకు మంచి యెరువు. భాస్వరము మేతలోనే యున్నది.

ఈ రెంటిలో భాస్వరము బహుకొద్దిగా నున్నను చాలును. ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డు అను అమెరికాదేశపు శాస్త్రజ్ఞుడు 1934 మొదలు చేసిన పరిశోధనలవలన, సముద్రమున తేలియాడు సూక్ష్మమైన జీవుల దేహములలో భాస్వర పరమాణువొకటికి నత్రజని పరమాణువులు 16, కర్బన పరమాణువులు 106 చొప్పున సుమారుగా నుండునని తేలినది. పవడపు దిబ్బలున్న సముద్రములలో లీటరు నీటికి ఫాస్ఫేటు మిల్లీగ్రాములో నూరవ వంతుల లెక్కననే యుండును. మనము చిటికెడు మేత హెచ్చుగా వేసిన, తొట్టిలోని నీరు ఆ హద్దును సులభముగా దాటిపోవును.

నాచులన్నియు నొకటి కావు. క్రొత్తగా పెట్టిన తొట్టిలో మొదటి వారములలో ఇసుకమీదను, అద్దముమీదను గోధుమవర్ణపు ధూళివలె కనబడునవి డయాటములు. వీనికి సిలికాతో నిర్మింపబడిన సన్నని గుల్ల లుండును. నీటిలోని సిలికా తరిగిపోగానే అవి తమంతట తామే తగ్గిపోవును గనుక దిగులుపడ నక్కరలేదు. ఊదారంగు కలిసిన యెరుపుతో, జిగటగా, దుప్పటివలె పరచుకొని, పగటివేళ గాలిబుడగలను పట్టుకొని యుండునది నిజముగా నాచే కాదు. అది సయనోబాక్టీరియా యను సూక్ష్మజీవుల గుంపు. వీనిలో ననేకజాతులు నీటిలో కరిగియున్న నత్రజని వాయువునే పట్టి యాహారముగా మార్చుకొనగలవు. అందుచేత నైట్రేటును తగ్గించినంతమాత్రమున ఇది పోదు. నీటిపారుదల మందముగానుండి మడ్డి పేరుకొను మూలలలో ఇది బలియును. మడ్డిని గొట్టముతో పీల్చివేసి, నీటిని చక్కగా కదలునట్లు చేసిన తగ్గును. పచ్చని గాజుగోళీలవలె రాతిసందులలో కనబడునది వాలోనియా. ఒక్కొక్క గోళీ యొకే జీవకణమన్నచో పిల్లలు నమ్మరు. సూక్ష్మదర్శినితో నుల్లిపొర కణములను చూచి కన్నులు నొప్పిపెట్టుకొన్న తొమ్మిదవ తరగతి వారికి, వ్రేళ్లతో పట్టుకొనదగిన జీవకణము నిచ్చట చూపుచుందుము. దానిని చిదుపక మొత్తముగా పెరికివేయవలెను. ఇవి గాక గులాబిరంగు పెచ్చువలె రాళ్లను పట్టుకొను సున్నపునాచు కలదు. అది యెవ్వరికిని అపకారము చేయదు సరికదా తొట్టికి అందము. దానిని గీకివేయరాదు.

మమ్ము బాధించినది వెండ్రుకనాచు. దీనికి పండ్లు తోము కుంచెయు, చేతివ్రేళ్లును మొదటి మందు. మేము దారముల పోగులవలె దీనిని గుప్పిళ్లతో తీసివేయుచుంటిమి. పది దినములలో మరల వచ్చుచుండెను. ఇది మేత హెచ్చుగుటచేతనే యని నిశ్చయించితిమి. ఆ మాసములో మేత వంతు పుచ్చుకొన్నవాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు. వానికి చేపలమీద మక్కువ మెండు. కావున వాడే పిడికిళ్లతో వేయుచున్నాడని తలచి, తోడి విద్యార్థుల యెదుట గద్దించి, ఆ పని మానిపించితిమి. "మాస్టారూ, రెండు చిటికెలకంటె నేనెన్నడును వేయలేదండి" అని వాడు చెప్పినను మేము వినిపించుకొనలేదు.

పిమ్మట తొందరపడి యొక అంగడిలో నాచును చంపు మందొకటి కొని పోసితిమి. మూడుదినములలో నాచు తెల్లబడి కూలినది. మేము సంతోషించుచుండగనే నత్తలు గోడనుండి జారి పడినవి. సీసామీద చిన్న యక్షరములలో తామ్రపు ఉప్పు కలదని వ్రాసియుండుట అప్పుడు చూచితిమి. తామ్రము కొద్దిగా నున్నను నత్తలకు, రొయ్యలకు, పీతలకు ప్రాణాంతకము. నాలుగవనాడు తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను. దీనికి కారణము స్పష్టమే. చచ్చిన నాచు కుళ్లునప్పుడు సూక్ష్మజీవులు ప్రాణవాయువును తినివేయును. రాత్రివేళ వెలుతురు లేనందున బ్రతికియున్న నాచును ప్రాణవాయువు నియ్యదు, పైగా తానును పీల్చుకొనును. అందుచే తెల్లవారకముందే నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. వెంటనే సగము నీరు మార్చి, గాలి కొట్టు యంత్రమును పెట్టితిమి గాని, మాకున్న నీలపు చిన్నచేప చచ్చిపోయినది. సున్నపురాళ్లు తామ్రమును పీల్చుకొని యుండునని తెలిసి వానినిగూడ మార్చవలసివచ్చెను. ఒకేసారి నాచునంతను చంపు ఉపాయమేదైనను, అది మందైనను, తొట్టిని దుప్పటితో కప్పి చీకటి చేయుటయైనను, ఇట్టి యపాయమును వెంట తెచ్చును. చేతితో తీయగలిగినంత తీసినపిదపనే తక్కిన యుపాయములకు పూనుకొనవలెను.

మేత మూడుదినములకు రెండుమారులుగా తగ్గించితిమి. దీపమును ఎనిమిది గంటలకు మించి వెలిగించలేదు. కిటికీ యెండ తొట్టిపై పడకుండ తెర కట్టించితిమి. అయినను వైశాఖమాసము వచ్చునప్పటికి నాచు మరల జానెడు. పరీక్షసామగ్రితో తొట్టినీటిని చూచినప్పుడెల్ల నైట్రేటు పైకి పోవుచునే యుండెను. అప్పు డొకనాడు, మేము గద్దించిన ఆ బాలుడే, గుమ్మమువద్ద నిలుచుండి, "రోజూ పోయు నీటిని చూచితిరాండి?" అని యడిగెను.

చూడలేదు. మంచినీటికిని ఉప్పునీటి తొట్టికిని గల సంబంధ మీయొక్క మాటలో నున్నది. వేసవిలో నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరికాదు. కావున తగ్గిన నీటికి బదులు ఉప్పులేని నీరు పోయుచుండవలెను. ఆ నీటిలో నేమి కరిగియున్నను, అదంతయు తొట్టిలోనే నిలిచిపోవును. మేము మా పెరటిబావి నీరు పోయుచుంటిమి. పరీక్షింపగా లీటరునకు 60 మిల్లీగ్రాముల నైట్రేటు కనబడినది. పిల్లలచేత వెంటనే లెక్క వేయించితిమి. దినమునకు 3 లీటర్లు ఆవిరియైనచో నెలకు 90 లీటర్లు. 90ని 60చే హెచ్చింపగా 5,400 మిల్లీగ్రాములు. దానిని 200 లీటర్లకు పంచగా లీటరునకు 27. అనగా చేపలకు మెతుకైనను వేయకున్నను, నెలకు 27 చొప్పున నైట్రేటు ఎక్కుచునే యుండును. ఎండ ముదిరినకొలదియు ఆవిరి హెచ్చు, పోయునది హెచ్చు, నాచు హెచ్చు. వానికి మేము పెట్టిన నింద యన్యాయమని తేలినది. మరునాడు తరగతిలో అందరియెదుటను ఆ లెక్కను నల్లబల్లమీద వ్రాసి, వాని తప్పు లేదనియు, తప్పు మాదేననియు చెప్పి, మేత పని వానికి తిరిగి యిచ్చితిమి.

ఇంతలో మరియొక సంగతి మా మనస్సున మెదలినది. మనుష్యులు త్రాగు నీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రమాణముల సంస్థవారి నియమము. మా బావికి పది గజముల దూరములో మరుగుదొడ్డి గుంట యున్నది. ఆ బావినీటినే మా ప్రక్కయింటివారును వాడుచుండిరి. వారి కూతురు పురిటికి పుట్టింటికి వచ్చి, రెండునెలల పసికందుతో నుండెను. పాలు చాలక డబ్బాపాలు కలిపి పట్టుచుండిరి. 1945లో అమెరికాదేశమునందు ఐయోవా రాష్ట్రములో హంటర్ కామ్లీ అను వైద్యుడు, బావినీటిలోని నైట్రేటుచే పసిపిల్లల దేహము నీలివర్ణము పొందుటను వర్ణించి ప్రకటించెను. ఆరునెలలలోపు శిశువుల రక్తము అట్టి నీటిచే ప్రాణవాయువును మోసుకొనిపోవు శక్తిని కోల్పోవును. పెద్దలకు తెలియని కీడు పిల్లలకు తగులును. మేము వెళ్లి చెప్పగా ఆ యింటి పెద్దామె, "నీళ్లు తెరలకాచి చల్లార్చియే కలుపుచున్నామండీ" అనెను. కాచుటచే క్రిములు చచ్చును గాని నైట్రేటు పోదు. నీరు కొంత ఆవిరియై నైట్రేటు మరింత చిక్కనగును. ఆ సాయంకాలమునుండియే వారు శిశువునకు వేరుచోటి నీరు తెచ్చుకొనిరి. తరువాత నీటిని ప్రయోగశాలకు పంపగా అచ్చటివారును 45కు మించినదనియే వ్రాసిరి. శిశువునకు కీడేమియు కలుగలేదు. ఇప్పుడు వాడు మా తొట్టి యద్దముమీద అరచేతులు వేసి చేపలను పిలుచుచుండును. ఆ మరకలు తుడుచుట శనివారపు పిల్లల పని.

తొట్టి సంగతికి వత్తము. ఆర్.ఓ. యంత్రపు నీటిని వాడ మొదలుపెట్టిన పిమ్మట క్రొత్త యెరువు వచ్చుట తగ్గినది. పాతది మిగిలియున్నది. నీరు మార్చుట మంచిదే గాని, దాని లెక్క తెలిసియుండవలెను. పదవవంతు నీరు మార్చిన నైట్రేటులో పదవవంతే పోవును. నూరున్నచో తొంబది మిగులును. ఉప్పునీటిలో గాలిని సన్నని బుడగలుగా చిమ్మి నురుగు తీయు యంత్రమొకటి కలదు. మాంసకృత్తులు మొదలగు మలినములు ఆ బుడగలనంటి నురుగుగా పైకి వచ్చును. అవి కుళ్లకముందే పారబోయవచ్చును. గిన్నెలో చేరిన ఆ కషాయమును వాసన చూచినవారు యంత్రపు వెలను గూర్చి మాటాడరు. మాకు అన్నిటికంటె నచ్చిన యుపాయము, నాచును నాచుతోడనే జయించుట. తొట్టి ప్రక్కన చిన్న తొట్టి యొకటి పెట్టి, చిక్కుపడిన చేపలగాలపు దారమువలె నుండు కీటోమార్ఫా యను పచ్చనాచును అందుంచి, రాత్రులందు దానికి దీపము పెట్టుదుము. పెద్దతొట్టి నీరు దాని గుండ ప్రవహించును. ఆ నాచు నైట్రేటును ఫాస్ఫేటును తిని పెరుగును. పెరిగినదానిలో సగము నెలకొకమారు తీసివేసిన, ఆ యెరువు నిజముగా తొట్టి విడిచిపోవును. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థలో పనిచేసిన వాల్టరు ఏడీ యనువారు వలబద్దలమీద పొట్టినాచును పెంచి, గీకివేసి, నీటిని శుద్ధిచేయు పద్ధతిని ప్రసిద్ధికి తెచ్చిరి. రెండింటికిని సూత్రమొకటే.

నత్తల మాటయు చెప్పవలెను. నత్తలను తొట్టిలో వేయు ఆచారము క్రొత్తది కాదు. 1850లో లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు బంగారుచేపలను, వాలిస్నేరియా మొక్కలను మంచినీటి పాత్రలో నుంచి, ఆకులు కుళ్లి పాచి పుట్టగా, చెరువునత్తలను వేసి దానిని బాగుపరచెను. పిదపనే సముద్రజీవుల తొట్లును ప్రబలినవి. 1853లో లండను జంతుశాలలో చేపల యిల్లు తెరువబడినది. అయితే నత్త నాచును తిని మలముగా విడుచును. ఎరువు తొట్టిలోనే యుండును. నత్త చీపురువంటిది; చెత్తను ఊడ్చును గాని వీధి దాటించదు. అట్లని మేసెడి జంతువులను తేలికగా నెంచరాదు. కరీబియను సముద్రములో నల్లని పొడవైన ముండ్లుగల డయడీమా యను జంతువులు పవడపు దిబ్బలమీద నాచు మేయుచుండెడివి. 1983లో పనామా తీరమున మొదలిడిన తెగులొకటి ఏడాదికి కొంచెము మించిన కాలములో వానిలో నూటికి తొంబదికంటె హెచ్చుగా చంపివేసినది. అంతకుముందే పెద్ద తుపానుచే పవడములు దెబ్బతినియుండెను. నాచు మేసెడి చేపలను జనులు పట్టివేసియుండిరి. జమైకా దీవి తీరమున 1977లో దిబ్బలమీద సగముచోటు పవడములది. 1993 నాటికి నూటికి మూడు పాళ్లే మిగిలినవి. నూటికి తొంబదికి పైగా నాచు ఆక్రమించినది. మా తొట్టిలో ఎనిమిది మాసములు జరిగినది అక్కడ సముద్రములో జరిగినది.

మరియొక పొరపాటు మా పొరుగూరి మిత్రుడొకరు చేసిరి. నాచుమీది కోపముచే మేత మాన్పి, మందులు వేసి, నైట్రేటును ఫాస్ఫేటును సున్నకు దించిరి. పచ్చనాచు పోయినది గాని, గోధుమరంగు చీమిడివలె, కొసలయందు బుడగలతో, డైనోఫ్లాజెల్లేటులు రాళ్లనుండి వ్రేలాడసాగినవి. వీనిలో కొన్నిజాతులు విషముగలవి. వానిని మేసిన నత్తలు చచ్చును. పోటీపడు నాచులును సూక్ష్మజీవులును లేనప్పుడే యివి తరచుగా విజృంభించును. కావున ఆ రెండును కొద్దిగా నుండనీయవలెను.

తొట్టినుండి తీసిన నాచును ఎండబెట్టి పాదులలో వేయవచ్చును. ముందు మంచినీట కడుగవలెను. సముద్రమునందు గాని, కాలువలయందు గాని వేయరాదు. 1984లో మొనాకో సముద్ర ప్రదర్శనశాల క్రింద గజమెడు చోట కనబడిన కాలెర్పా టాక్సిఫోలియా యను అలంకారపు నాచు మధ్యధరాసముద్రమున వేలకొలది ఎకరములకు ప్రాకినది. 2000లో అదే నాచు కాలిఫోర్నియాలో కనబడగా, పట్టలు కప్పి, క్లోరిను పోసి, ఆరేండ్లు పాటుపడి నిర్మూలించిరి. అట్లే మన సముద్రతీరమునుండి సజీవమైన పవడపురాళ్లను తెచ్చుట నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలో 2001లో రాతిపవడములన్నియు చేర్చబడినవి. మా తొట్టిలోనివి కొండగనిలో కొన్న సున్నపురాళ్లే. రెండేండ్లలో వానికిని గులాబిరంగు వచ్చినది.

ప్రస్తుతము తొట్టిలో నైట్రేటు 5 మొదలు 10 మిల్లీగ్రాముల నడుమ నున్నది. అద్దమును వారమునకొకమారు తుడిచిన చాలుచున్నది. రాతివెనుక నొక వ్రేలెడు వెండ్రుకనాచు ఉన్నదని మేత వేయు బాలుడు చెప్పుచున్నాడు. దానిని నత్తలకే విడిచితిమి. తొట్టిని చూడవచ్చు విద్యార్థులు తమ యింట త్రాగు బావినీటిని గాని, బోరునీటిని గాని శుభ్రముగా కడిగిన చిన్నసీసాలో పట్టి, ఇంటిపేరు వ్రాసి తెచ్చినచో, శనివారము సాయంకాలము నాలుగు గంటలకు నైట్రేటు పరీక్షను వారియెదుటనే చేసి చూపుదుము.